ఆడలేక మద్దెల ఓడు, పాపం త్రీ నాట్ త్రీ!

మొన్నామధ్య ఓ నెలాఖరు రాత్రి ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ వచ్చింది. బిల్లింగ్ జాబు సగంలో ఆగిపోయింది. కాల్‌లో ఎనిమిది మందిమి ఉన్నాం. లాగ్ ఫైళ్ళు చూసీ చూసీ మా టీమ్‌లో కుర్రాడొకడు విసుక్కున్నాడు. "అన్నా, ఇది త్రీ నాట్ త్రీ అన్నా. తీసి అవతల పారేసి మొత్తం మళ్ళీ రాసేద్దాం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండున్నరకి తెలిసిందేమిటంటే, పాత కోడ్ తప్పేమీ లేదు. డిస్క్ నిండుతోందని సర్వర్ మొత్తుకుంటుంటే ఆ అలర్టుని ఎవరో మూడు వారాల క్రితం మ్యూట్ చేశారు. ఎవరో అంటే, మా వాళ్ళే. మర్నాడు మెయిల్లో మాత్రం "లెగసీ సిస్టమ్ సమస్య" అని రాశాం. ఆ మెయిల్ రాసింది నేనే. ఈ టపా అందుకు ప్రాయశ్చిత్తం అనుకోండి.

ఇంటికెళ్తూ ఆలోచించాను. మనందరం ఈ తిట్టు వాడతాం. టీవీ చర్చల్లో వాడతారు, రాజకీయ నాయకులు వాడతారు. పాతదీ, తుప్పు పట్టిందీ, పేలుతుందో లేదో తెలియందీ అని అర్థం. వాడేవాళ్ళలో నూటికి తొంభై మంది దాన్ని సినిమాల్లో తప్ప చూసి ఉండరు. నేను మోశాను. కాలేజీలో ఎన్‌సీసీలో డ్రిల్ కోసం మాకు ఇచ్చినవి అవే, కాల్చడానికి పనికిరాకుండా చేసిన డీపీ రైఫిళ్ళు. దాదాపు నాలుగు కిలోలు. ఎండలో అరగంట భుజాన పెట్టుకుంటే ఆ నాలుగూ నలభై అయ్యేవి. మా ఉస్తాద్ హవల్దారు ఒకాయన ఉండేవారు. సరదాకి ఒక తుపాకీ బోల్టు తీసి ఇంకో దాంట్లో పెట్టామని మా బెంచీ మొత్తాన్ని గ్రౌండు చుట్టూ పరిగెత్తించారు. బోల్టు మీద నంబరు, తుపాకీ మీద నంబరు ఒకటే ఉండాలట. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. పదేళ్ళ తర్వాత చదువుకుంటే అర్థమైంది. ఆ సంగతి కిందకొస్తుంది.

నా వాదన ఒక్క ముక్కలో చెప్తాను, ఒప్పుకోనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు :) "త్రీ నాట్ త్రీ" అనే తిట్టు ఆ తుపాకీకి అవమానం అని కాదు నా బాధ, ఇనప ముక్కకి మానావమానాలేవిటి? ఆ తిట్టు వెనక ఎవరో ఒకరు దాక్కుంటున్నారు. ప్రతిసారీ. అదీ నా బాధ.

ముందు ఆ తుపాకీ గురించి కాస్త.

త్రీ నాట్ త్రీ అనేది నిజానికి తూటా కొలత. గొట్టం లోపలి వ్యాసం 0.303 అంగుళాలు, అంటే 7.7 మిల్లీమీటర్లు. తుపాకీ పేరు లీ-ఎన్‌ఫీల్డ్. జేమ్స్ పారిస్ లీ 1831లో స్కాట్లాండులోని హావిక్ అనే ఊళ్ళో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబంతో కెనడా వెళ్ళి, ఆ తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు (ఆ రోజుల్లో గ్రీన్ కార్డు క్యూ లేదు లెండి). 1879లో అతను పేటెంటు తీసుకున్నది చాలా మామూలుగా కనిపించే వస్తువుకి. బోల్టు కింద అమిరే ఒక రేకు పెట్టె. అందులో తూటాలు ఒకదాని మీద ఒకటి, కింద స్ప్రింగు. బోల్టు వెనక్కి లాగి ముందుకి తోస్తే పై తూటా గొట్టంలోకి పోతుంది. ఈ రోజు ప్రపంచంలో ఏ రైఫిల్ కింద వేలాడే మ్యాగజైన్ చూసినా ఆ పెట్టె సంతానమే.

బ్రిటిష్ సైన్యం 1888లో ఈ బోల్టునీ పెట్టెనీ తీసుకుని, విలియమ్ మెట్‌ఫోర్డ్ అనే ఇంజినీరు రూపొందించిన గొట్టాన్ని జోడించింది. అది లీ-మెట్‌ఫోర్డ్. గొట్టం లోపల తూటాని తిప్పే మెలికల గాడులుంటాయి కదా, మెట్‌ఫోర్డ్ వాటిని లోతు తక్కువగా, అంచులు గుండ్రంగా పెట్టాడు. కారణం నల్లమందు. అది కాలితే మసి పేరుకుంటుంది, గుండ్రటి గాడుల్లో మసి తక్కువ పడుతుంది, తుడవడం తేలిక. చక్కటి డిజైను. కాకపోతే మూడేళ్ళు తిరక్కుండా మందు మారిపోయింది. పొగరాని కార్డైట్ వచ్చింది. దాని వేడికి ఆ సుకుమారమైన గాడులు అరిగిపోవడం మొదలైంది. కింద లైబ్రరీ వెర్షన్ మారితే పైన మనం రాసిన అందమైన కోడ్ ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు వాళ్ళు ఏం చేశారో చూడండి. తుపాకీ మొత్తం పారేయలేదు. లండన్ శివార్లలోని ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారంలో లోతైన అయిదు గాడులతో కొత్త గొట్టం చేశారు. బోల్టు అదే, పెట్టె అదే, తూటా అదే. 1895లో పేరు మాత్రం లీ-ఎన్‌ఫీల్డ్ అయింది.

తర్వాత 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం. యూజర్లు అసలు బగ్గులు బయటపెట్టింది అక్కడే. బోయర్ల చేతుల్లో జర్మన్ మౌజర్లు. అయిదు తూటాలు గుచ్చిన రేకు క్లిప్పు పైనుంచి పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కితే లోడయిపోయేది. బ్రిటిష్ సిపాయి ఒక్కొక్క తూటా ఏరి పెట్టుకోవాలి. పైగా కొన్ని తుపాకుల గురి 500 గజాల దగ్గర దాదాపు అడుగున్నర కుడిపక్కకి పోయేది. పరువు పోయింది. విచారణలు జరిగాయి. ఆ బగ్గులన్నీ సవరించి 1904లో తెచ్చినదే షార్ట్ మ్యాగజైన్ లీ-ఎన్‌ఫీల్డ్. కాలిబంట్లకి పొడుగు తుపాకీ, గుర్రపు దళానికి పొట్టి తుపాకీ అనే రెండు బ్రాంచీలు ఎత్తేసి అందరికీ ఒక్కటే పెట్టారు. 25.2 అంగుళాల గొట్టం, పది తూటాల పెట్టె, క్లిప్పుతో లోడింగు. 1907లో మార్క్ 3 వచ్చింది. మనవాళ్ళు త్రీ నాట్ త్రీ అనేది ముఖ్యంగా దీన్నే.

మరి నిపుణులు మెచ్చుకున్నారా? దుమ్మెత్తి పోశారు. పొట్టిది, గురి కుదరదు, బోల్టు లాకులు వెనకాల ఉన్నాయి, తూటాకి అంచు ఉంది, మౌజరే అసలైన తుపాకీ, ఇదంతా మొదట్నుంచీ మళ్ళీ రాయాలి అన్నారు. రాశారు కూడా! ప్యాటర్న్ 13 అని, మౌజర్ తరహా బోల్టుతో, .276 అనే కొత్త తూటాతో తయారుచేసి 1913లో సిపాయిలకిచ్చి పరీక్షించారు. కాగితం మీద అన్నిట్లోనూ పైచేయి. చేతిలో పడితే గొట్టం విపరీతంగా వేడెక్కడం, కళ్ళు చెదిరే మంట, అరుగుదల. ఇవన్నీ సరిచేద్దామనుకునేలోపు 1914 ఆగస్టు వచ్చేసింది. యుద్ధానికి డెడ్‌లైన్ ఎక్స్‌టెన్షన్ ఉండదు. పదిహేనేళ్ళుగా అందరూ తిట్టిపోసిన పాత తుపాకీ పట్టుకునే సైన్యం ఫ్రాన్సుకి ఓడెక్కింది. కొత్త తుపాకీని .303కి మార్చి అమెరికాలో పది లక్షలకి పైగా చేయించారు గానీ, అది ఎక్కువగా స్నైపర్లకీ శిక్షణకీ పోయింది. బురదలో నాలుగేళ్ళు నిలబడ్డది పాతదే.

ఎందుకు నిలబడింది? ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మన వృత్తికి పనికొచ్చే ముక్క ఇదే.

మౌజర్ 98లో బోల్టు లాకులు ముందు వైపు, తూటా వెనకే ఉంటాయి. చాలా గట్టి అమరిక. లీ బోల్టుకి లాకులు వెనక ఉంటాయి. తూటా పేలినప్పుడు బోల్టు రవ్వంత నొక్కుకుంటుంది, దాన్ని పట్టుకున్న ఉక్కు చట్రం రవ్వంత సాగుతుంది. ఇత్తడి తొడుగు కూడా సాగుతుంది. బలం దృష్ట్యా మౌజర్‌దే పైచేయి, వాదన అక్కర్లేదు. కానీ లాకులు వెనక ఉండబట్టి బోల్టు వెనక్కి రావాల్సిన దూరం తగ్గింది. మౌజర్ బోల్టు పిడిని 90 డిగ్రీలు ఎత్తాలి, లీది 60 డిగ్రీలు చాలు. ఇంకోటి, మౌజర్‌లో పిడి ఎత్తేటప్పుడే స్ప్రింగు బిగుసుకుంటుంది. కాలిన తొడుగుని ఊడదీసే పని, స్ప్రింగుని బిగించే పని రెండూ ఒకే కదలిక మీద పడతాయి. లీలో బోల్టుని ముందుకి తోసేటప్పుడు స్ప్రింగు బిగుసుకుంటుంది, చెయ్యి ఎలాగూ ఊపుమీద ఉంటుంది కాబట్టి భారం తెలియదు. తుపాకీ భుజం మీంచి దించకుండా, కన్ను గురి మీంచి తియ్యకుండా మళ్ళీ మళ్ళీ కాల్చొచ్చు. మౌజర్‌లో అయిదు తూటాలు, ఇందులో పది.

అంటే ఏవిటి? పరీక్ష బల్ల మీద మౌజర్ గెలుస్తుంది. అలిసిపోయి, తడిసిపోయి, భయపడుతున్న మనిషి చేతిలో లీ గెలుస్తుంది. రెండూ గొప్ప డిజైన్లే, ఆప్టిమైజ్ చేసింది వేరే వేరే వాటికి. నిపుణులు కొలిచింది లోహాన్ని. లీ కొలిచింది మనిషి మోచేతిని.

ఇప్పుడు మా ఉస్తాద్ పనిష్మెంటు. లీ బోల్టుకి తల విడిగా ఉంటుంది, మర తిప్పి ఊడదీయొచ్చు. మూసిన బోల్టు ముఖానికీ గొట్టంలో కూర్చున్న తూటా అడుగుకీ మధ్య ఉండాల్సిన సందు వెంట్రుకవాసి తేడాతో సరిపోవాలి. సందు ఎక్కువైతే తొడుగు చీలి వేడి గ్యాసు మొహం మీదకి రావచ్చు. అందుకే ఒక తుపాకీ బోల్టు ఇంకోదాంట్లో పెట్టకూడదు, అందుకే ఆ నంబర్లు. వాడగా వాడగా సందు పెరిగితే? తుపాకీ పారెయ్యక్కర్లేదు. తర్వాత వచ్చిన నంబర్ 4 మోడల్‌కి 0, 1, 2, 3 అని నాలుగు సైజుల బోల్టు తలలు చేశారు. అరిగినకొద్దీ పెద్ద తల బిగించి, సందు కొలిచి, మళ్ళీ డ్యూటీకి పంపడమే. మాడ్యులర్ డిజైన్ అని మనం స్లైడ్లు వేసి చెప్పేదాన్ని వాళ్ళు మర చుట్టుతో చేసి చూపించారు.

లోపాల్లేవా? ఉన్నాయి. తూటా అడుగున అంచు ఉండటం 1888 నాటి పీడ. క్లిప్పులో తూటాలు సరిగ్గా పేర్చకపోతే ఒకదాని అంచు ఇంకోదానికి తట్టుకుని ఇరుక్కుంటాయి. మార్చుదాం మార్చుదాం అనుకుంటూనే 1950ల దాకా లాక్కొచ్చారు. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ మన ఒక్కళ్ళ ఖర్మే కాదన్నమాట.

కానీ అసలు రహస్యం తుపాకీలో లేదు. బోయర్ యుద్ధంలో పరువు పోయాక, హైత్ అనే ఊళ్ళోని మస్కెట్రీ స్కూలు వాళ్ళు మెషిన్ గన్నులు ఎక్కువ కావాలని అడిగారు. డబ్బుల్లేవు పొమ్మన్నారు. అయితే సిపాయికే వేగం నేర్పుదాం అనుకున్నారు. 300 గజాల దూరంలోని గురిబోర్డు మీద నిమిషంలో 15 గుండ్లు, గురిపెట్టి. బాగా కాల్చినవాడి జీతంలో తేడా ఉండేది. తూటాలిచ్చారు, టైమిచ్చారు, ఏడాదికేడాది పరీక్ష పెట్టారు. 1914లో మాన్స్ దగ్గర బ్రిటిష్ బెటాలియన్‌కి ఉన్న మెషిన్ గన్నులు రెండే. అయినా ఎదుటి జర్మన్లు ఆ కాల్పుల జోరుకి మెషిన్ గన్నులనుకున్నారని కథలుగా చెప్పుకుంటారు. కథలో ఉప్పూకారం ఎంతున్నా, ఆ శిక్షణ మాత్రం నిజం.

ఇక మన దేశానికి వద్దాం. నాకు కోపం వచ్చే భాగం ఇదే.

కలకత్తాకి ఎగువన హుగ్లీ ఒడ్డున ఇషాపూర్‌లో 20వ శతాబ్దం మొదట్లోనే ఈ తుపాకీ తయారీ మొదలైంది. మనవాళ్ళే చేశారు, మనవాళ్ళే రెండు ప్రపంచ యుద్ధాల్లో మోశారు. కానీ 1857 తర్వాత తెల్లవాళ్ళకి ఒక భయం పట్టుకుంది. భారతీయ సిపాయికి మంచి తుపాకీ ఇస్తే ఎటు తిప్పుతాడో అని. చాలా ఏళ్ళపాటు మన రెజిమెంట్లకి ఒక తరం పాత ఆయుధాలే ఇచ్చారు. పోలీసులకీ కాపలావాళ్ళకీ ఇచ్చింది చూస్తే ఇంకా చిత్రం. ఇదే లీ-ఎన్‌ఫీల్డ్ తీసుకుని, గొట్టం లోపల గాడుల్లేకుండా నున్నగా .410 సైజుకి మార్చి, తూటాల పెట్టెలో చెక్క దిమ్మ కొట్టారు. ఒక్కో తూటా పెట్టుకుని ఒక్కోసారే కాల్చాలి. పది తూటాల తుపాకీని చేతులారా ఒంటి తూటాది చేసి ఇచ్చారన్నమాట. ఇంజినీర్లకి చేతకాక కాదు. ఇచ్చేవాడికి పుచ్చుకునేవాడి మీద నమ్మకం లేక. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

అలాగని ఈ తుపాకీని నేను పూజిస్తున్నాననుకోకండి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ నిలబెట్టిన 50 మంది చేతుల్లో ఉన్నవి ఈ త్రీ నాట్ త్రీలే. 1,650 గుండ్లు. మనిషికి 33. కాల్పులు పది పదిహేను నిమిషాలు సాగాయి. లెక్క వేయండి, నిమిషానికి రెండు మూడు గుండ్లు. నిమిషానికి 15 కాల్చగల తుపాకీ అది. అంటే వాళ్ళు కంగారులో కాల్చలేదు. నింపాదిగా, గురి చూసి, జనం ఎక్కడ ఒత్తుగా ఉంటే అక్కడ కాల్చారు. సర్కారు లెక్కలోనే 379 మంది చనిపోయారు. మాన్స్‌లో తుపాకీని పొగిడితే ఇక్కడ తుపాకీని తిట్టాలి. ఇక్కడ తప్పు డయ్యర్‌దీ, అతన్ని పంపిన ప్రభుత్వానిదీ అనే ధైర్యం ఉంటే, మిగతా చోట్ల కూడా తుపాకీని వదిలేసి మనుషుల పేర్లు అడగాలి. నా వాదన ఇంతే, అన్నిచోట్లా ఒకటే తూకం.

ఆ తూకంతో 1962 చూద్దాం. చైనా యుద్ధంలో మనం ఓడిపోయింది త్రీ నాట్ త్రీల వల్ల అని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. అవతలివాళ్ళ దగ్గర సెమీ ఆటోమేటిక్కులున్నాయి. అమెరికా 1936లోనే గారండ్ తీసుకుంది. బ్రిటన్ కూడా 1957 నాటికి ఎస్ఎల్ఆర్‌కి మారిపోయింది. మనం మారలేదు. కానీ మారకపోవడం తుపాకీ చేసిన నిర్ణయమా? దానికి ఢిల్లీలో ఫైళ్ళున్నాయి, సంతకాలున్నాయి. నామ్‌కా చూ దగ్గర పోరాడిన బ్రిగేడుకి నాయకత్వం వహించిన బ్రిగేడియర్ దాల్వీ తర్వాత 'హిమాలయన్ బ్లండర్' అని పుస్తకం రాశారు. ఆ ఎత్తులో, ఆ చలిలో, నూలు బట్టలతో, మనిషికి 50 తూటాలతో నిలబెట్టారు. 50 తూటాలంటే అయిదు మ్యాగజైన్లు. వాళ్ళ చేతుల్లో ఆ రోజు సరికొత్త ఆటోమేటిక్ రైఫిలే ఉందనుకోండి, ఆ 50 ఇంకా ముందే అయిపోయేవి. అదే ఏడాది నవంబరు 18న రెజాంగ్ లా దగ్గర మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ సుమారు 120 మంది. వాళ్ళ చేతుల్లోనూ ఇవే త్రీ నాట్ త్రీలు. వంద మందికి పైగా అక్కడే ప్రాణాలిచ్చారు. వాళ్ళనెవరూ తుప్పు పట్టినవాళ్ళు అనరు కదా?

యుద్ధం అయ్యాక ఇషాపూర్ ఇంజినీర్లు చేసిన పని చెప్పకపోతే అన్యాయం. సైన్యానికి ఎస్ఎల్ఆర్‌లు సరిపడా తయారయ్యేదాకా ఆగకుండా, ఇదే పాత డిజైనుని 7.62 నాటో తూటాకి మార్చేశారు. కొత్త తూటాకి పీడనం ఎక్కువ, వెనక లాకుల చట్రం తట్టుకోవాలి. అందుకని మెరుగైన ఉక్కు వాడారు. పెట్టె మార్చి 12 తూటాలు పట్టేలా చేశారు. అదే ఇషాపూర్ 2ఎ. పాత ప్రొడక్టుకి అంత తొందరలో, అంత శుభ్రమైన పోర్టింగ్ జరిగితే మనం అవార్డు ఫంక్షన్ పెట్టుకుంటాం. ఆ పని చేసినవాళ్ళ పేర్లు కూడా మనకి తెలియవు.

ఇక 2008 నవంబరు 26. ముంబయి సీఎస్‌టీ స్టేషను. ఈ తిట్టు ఇంటింటికీ చేరింది ఆ రోజుతోనే. ఏకే-47 ముందు త్రీ నాట్ త్రీ, ఏం చేస్తారు పాపం అన్నారు. యాభై మందికి పైగా చనిపోయిన చోట తుపాకుల గురించి వాదించడానికి నాకూ మనసొప్పడం లేదు. కానీ ఆలోచించండి. అక్కడే ఆర్‌పీఎఫ్ హెడ్ కానిస్టేబుల్ జిల్లూ యాదవ్ తోటి పోలీసు చేతిలోని త్రీ నాట్ త్రీ లాక్కుని మరీ కాల్చాడు. ఆ తుపాకీ పేలింది. ఆ తోటి పోలీసు పిరికివాడని నేను అనను. అతను చివరిసారి ఎప్పుడు కాల్చాడో, ఎన్ని గుండ్లు కాల్చనిచ్చారో అడుగుతాను. దాడుల మీద మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రామ్ ప్రధాన్ కమిటీ కూడా తూటాల కొరతనీ, ఫైరింగ్ ప్రాక్టీసు జరగకపోవడాన్నీ ఎత్తి చూపింది. ప్రాక్టీసుకి తూటాలివ్వని వ్యవస్థ ఏకే-47 చేతికిచ్చినా అదే జరుగుతుంది. తేడా ఏవిటంటే, కొత్త తుపాకీ కొంటే రిబ్బన్ కత్తిరించే ఫోటో వస్తుంది. తూటాలు కొని కానిస్టేబుళ్ళ చేత కాల్పిస్తే ఏ ఫోటో వస్తుంది?

ఇంకో సంగతి. మన తెలుగు పేపర్లలో మావోయిస్టుల లొంగుబాటో ఎన్‌కౌంటరో జరిగితే వచ్చే వార్త గుర్తుందా? బల్ల మీద పేర్చిన ఆయుధాలు, కింద జాబితా. ఇన్సాస్‌లు, ఎస్ఎల్ఆర్‌లు, త్రీ నాట్ త్రీలు. ఏళ్ళ తరబడి ఆ జాబితాలో త్రీ నాట్ త్రీ ఉంటూనే ఉంది. అవి స్టేషన్ల నుంచో, పోలీసుల చేతుల నుంచో పోయినవే. మనం పనికిరాదని నవ్వుకున్నదాన్ని ఎత్తుకెళ్ళినవాళ్ళు అడవిలో తుడిచి, నూనె రాసి, దశాబ్దాలు వాడారు. ఇది వాళ్ళకి మెచ్చుకోలు కాదు, మనకి సిగ్గు.

కెనడా సంగతి చూడండి. అక్కడ ఉత్తర ధ్రువం వైపు మంచులో తిరిగే కెనడియన్ రేంజర్స్ అనే దళం ఉంది. 1947 నుంచి దాదాపు 70 ఏళ్ళు వాళ్ళ చేతిలో ఉన్నది లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4. గడ్డకట్టే చలిలో ఆగకుండా పనిచేస్తుందని, ధ్రువపు ఎలుగుబంటి ఎదురొస్తే నమ్మొచ్చని. చివరికి విడిభాగాలు దొరక్క మార్చాల్సి వచ్చింది. మార్చి ఏం తీసుకున్నారు? సీ19 అని, ఇంకో బోల్ట్ యాక్షన్ రైఫిల్! ముందు అవసరం రాసుకున్నారు, తర్వాత తుపాకీ వెతుక్కున్నారు. అదే తుపాకీ మన స్టేషన్లలో పరువు పోగొట్టుకుంది.

"అయితే ఇప్పుడు పోలీసులకి మళ్ళీ త్రీ నాట్ త్రీ ఇమ్మంటావా?" అని ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు. అననండీ బాబూ. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ డే పెరేడ్‌లో దానికి వీడ్కోలు చెప్పారు. మంచి పనే, చాలా ఆలస్యంగా చేసిన మంచి పని. దేనికైనా ఒక కాలం ఉంటుంది. నేననేది వీడ్కోలు చెప్పేటప్పుడు నిజం చెప్పి పంపండి అని. "నువ్వు పాతబడ్డావు" అనడం వేరు. "నీవల్లే ఓడిపోయాం" అనడం వేరు. మొదటిది ఇంజినీరింగు, రెండోది తప్పించుకోవడం. ఆడలేక మద్దెల ఓడు అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఇదంతా నాకెందుకంటే, నేనూ ఒకసారి ఆ మద్దెల వాయించాను. చాలా ఏళ్ళ క్రితం, ఇప్పుడు పేరు అనవసరం, ఒక కంపెనీలో పాత సెటిల్‌మెంట్ సిస్టమ్‌ని మొత్తం తిరగరాసే ప్రాజెక్టులో ఉన్నాను. పాతదాన్ని చూసుకునే పెద్దాయన ఒకరుండేవారు. మీటింగుల్లో మేం "త్రీ నాట్ త్రీ" అని నవ్వితే ఆయనా మొహమాటానికి నవ్వేవారు. కొత్తది గో-లైవ్ అయ్యే ముందే ఆయన్ని వేరే ఊరి ప్రాజెక్టుకి వెయ్యడం, ఆయన మానేయడం జరిగిపోయాయి. కొత్త సిస్టమ్ మొదటి మార్చి నెలాఖరుకే తప్పు లెక్కలు ఇచ్చింది. నెల చివరి రోజు బ్యాంకు సెలవైతే ఏం చెయ్యాలో పాత కోడ్‌లో మూడు లైన్ల చెక్ ఉంది. అర్థంకాని చెత్త అని దాన్ని తీసేసింది నేను. ఆయనకి ఫోన్ చేస్తే కోప్పడకుండా అయిదు నిమిషాల్లో చెప్పారు. "అది 1999లో ఒకసారి దెబ్బ తిని పెట్టింది బాబూ" అన్నారు. మా రూట్ కాజ్ రిపోర్టులో ఏం రాశామో తెలుసా? "లెగసీ డాక్యుమెంటేషన్ లోపం."

పాత చింతకాయ పచ్చడి అని తీసిపారేస్తాం గానీ, జ్వరం తగ్గాక నోటికి రుచి తెలిసేది దాంతోనే. అలాగని రోజూ అదే తినమని కాదు. జాడీ పారేసే ముందు మూత తీసి ఒకసారి చూడండి అంటున్నాను. ఈసారి ఎవరైనా మీటింగులో "ఇది త్రీ నాట్ త్రీ" అంటే మూడు ప్రశ్నలు అడగండి. దీన్ని నడపడం ఎవరికి నేర్పాం? తూటాలు ఎన్ని ఇచ్చాం? పెట్టెలో చెక్క దిమ్మ కొట్టింది ఎవరు? మూడింటికీ జవాబు దొరికాక కూడా మార్చాలనిపిస్తే మార్చేయండి, నేనూ చెయ్యి వేస్తాను.

తా.క.: మా కుర్రాడికి ఈ కథంతా టీ తాగుతూ చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే అన్నా, ఆ అలర్టు మ్యూట్ చేసింది నేనే" అన్నాడు. నాకు ముందే తెలుసు. నిన్న ఆ మెయిల్‌కి ఇద్దరం కలిసి సవరణ పంపాం.